కాగితమెంతో విమానమంతే

పుదుచ్చేరిలో ఇళ్ల ప్లాన్లు ప్రింటు తీసే దుకాణాలకు పనికి కొదవ ఉండదు. ఫ్రెంచి వాళ్లు గీసిన తిన్నని వీధుల్లో పాత ఇళ్లకు మరమ్మతులు, బూలెవార్ అవతల కొత్త అపార్ట్‌మెంట్లు. రెండింటికీ పెద్ద కాగితాలు కావాలి. అలాంటి దుకాణంలో పెన్‌డ్రైవ్ ఇచ్చి, మీటరు పొడుగు కాగితం మీద ఒక బొమ్మ తీసిమ్మంటే, మెషీన్ దగ్గరున్న కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూడక తప్పదు. అందులో గదులుండవు. మెట్లుండవు. ఈశాన్యం ఎటో తెలీదు. చేపముల్లు లాంటి ఒక ఆకారం, నిచ్చెన లాంటి మరొకటి, పక్కన కోడిగుడ్డును పొడవుగా సాగదీసినట్టున్న ముక్కలు ఓ డజను. ఇది విమానం అని చెప్పాక ఎవరైనా అడిగే తర్వాతి ప్రశ్న, ఏ స్కేలు అని. స్కేలు లేదు. కాగితం మీద ఎంతుందో విమానమూ అంతే.

పాత కాలపు మోడల్ విమానాలు కట్టే ఔత్సాహికుల ప్రపంచమంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఉదాహరణకు టాంబాయ్. బ్రిటిష్ డిజైనర్ విక్ స్మీడ్ గీసిన ఈ చిన్న విమానం ప్లాన్‌ను 'ఏరోమోడలర్' పత్రిక 1950 నవంబర్‌లో ప్రచురించింది. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 36 అంగుళాలు, అంటే మీటరుకు కాస్త తక్కువ. 75 ఏళ్లు దాటినా దీన్ని ఇంకా కడుతూనే ఉన్నారు, దీనికోసమే ప్రత్యేకంగా పోటీలు పెట్టుకుంటున్నారు. 'వింటేజ్' అనిపించుకోవాలంటే డిజైన్ 1950 చివరికల్లా వెలువడి ఉండాలన్నది బ్రిటన్‌లో ఔత్సాహికులు పెట్టుకున్న నియమం. టాంబాయ్ కొద్ది వారాల తేడాతో గట్టెక్కింది. అమెరికా వాళ్లు ఇంకా పట్టుదల మనుషులు. వాళ్ల 'ఓల్డ్ టైమర్' పోటీలకు గడువు 1942తోనే సరి.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ చదవడం వేరు, అసలు సైజు ప్లాన్ మీద కట్టడం వేరు. డ్రాయింగ్ చదవడానికి చదువు కావాలి. ప్లాన్ మీద కట్టడానికి పలక మీద అక్షరాలు దిద్దిన అనుభవం చాలు. కాగితాన్ని చదునైన మెత్తని చెక్క మీద పరుస్తారు. జిగురు అంటకుండా పైన పలుచని ప్లాస్టిక్ షీటు వేస్తారు. గీత మీద సన్నని పుల్ల పెట్టి, దానికి రెండు పక్కలా గుండుసూదులు గుచ్చి కదలకుండా నిలబెడతారు. పుల్లకు గుచ్చకూడదు, గుచ్చితే అక్కడే విరుగుతుంది. అలా గీత వెంబడి పుల్లలు పేర్చి, కీళ్ల దగ్గర జిగురు చుక్క పెట్టి ఒక రాత్రి వదిలేస్తే, పొద్దున్నకి విమానం ఒళ్లు ఒక వైపు తయారు. అది తీయకుండా దాని మీదే రెండో వైపు కడతారు. కవలల్లా రావాలంటే అదే దారి. ఈ మొత్తం పనిలో టేపుతో అవసరం రాదు. కొలిచే పని డిజైన్ చేసినవాడు 1950లోనే పూర్తి చేశాడు.

ఇక రెక్క సంగతి. కాగితం ఖరీదైన రోజుల్లో గీసినవి కాబట్టి చాలా ప్లాన్లలో రెక్క ఒక పక్కే ఉంటుంది. రెండో పక్క కోసం పాత కాలపు వాళ్లు చేసే చిట్కా వింటే వంటింట్లో ఉన్నవాళ్లెవరైనా నవ్వుతారు. ప్లాన్‌కు నూనె రాస్తారు. పకోడీల పొట్లం లాగా కాగితం పారదర్శకమవుతుంది. తిరగేసి పరిస్తే ఎడమ రెక్క కుడి రెక్కయి కూచుంటుంది. పుదుచ్చేరిలో కొబ్బరి నూనెకు కరువేముంది?

దుకాణం దగ్గర జాగ్రత్తగా ఉండవలసింది మాత్రం ఒకటుంది. ప్రింటు తీసేవాళ్లకు ఒక అలవాటు, బొమ్మను కాగితానికి సరిపడేలా కాస్త కుదించడం. ఇంటి ప్లాన్‌కు దానివల్ల నష్టం లేదు, కొలతలు అంకెల్లో రాసి ఉంటాయి. ఇక్కడ గీతే కొలత. రెండు శాతం తగ్గితే టాంబాయ్ రెక్క 18 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. అన్ని వైపులా సమంగా తగ్గితే పెద్ద ప్రమాదం లేదు, కాస్త చిన్న విమానం ఎగురుతుంది, అంతే. చిక్కల్లా పొడవు ఒకలా, వెడల్పు ఒకలా సాగినప్పుడే. లేదా రెక్క ఒక రోజు, తోక ఇంకో రోజు, వేర్వేరు మెషీన్ల మీద తీయించినప్పుడు. స్కాన్ చేసిన పాత కాగితం కూడా ఏడు దశాబ్దాలు మడతల్లో నలిగి, తేమకు సాగి, ఎండకు ముడుచుకుని వచ్చినదే. అందుకే అనుభవజ్ఞులు ప్రింటు చేతికి రాగానే, ప్లాన్ అంచున గీసిన స్కేలు గీతను అడ్డంగానూ నిలువుగానూ స్టీలు స్కేలుతో కొలిచి గానీ డబ్బులివ్వరు.

కాగితం మీది విమానానికి ఉన్న చరిత్ర అసలు విమానం కంటే పెద్దది. ఆ చరిత్ర మొదలైంది కూడా ఫ్రాన్స్‌లోనే, పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలో ఉన్న రోజుల్లో. 1871 ఆగస్టు 18న పారిస్ లోని త్విలరీ తోటలో అల్ఫాన్స్ పెనో అనే 21 ఏళ్ల యువకుడు పెద్దల సమక్షంలో ఒక బొమ్మను గాలిలోకి వదిలాడు. రెక్కలు 45 సెంటీమీటర్లు, బరువు 16 గ్రాములు. మెలిపెట్టిన రబ్బరు విప్పుకుంటూ వెనకనున్న పంకాను తిప్పింది. 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు వెళ్లి దిగింది. గాలి కంటే బరువైన వస్తువు తనంతట తాను నిలకడగా ఎగరగలదని జనం కళ్లారా చూసిన తొలి సందర్భాల్లో అదొకటి. తోక కాస్త కిందికి వంచి, రెక్కల కొసలు కాస్త పైకి లేపితే విమానం తనను తాను సరిదిద్దుకుంటుందన్న కిటుకు పెనోకు అప్పటికే తెలుసు. ఈనాటి రబ్బరు విమానాలు కూడా ఆ కిటుకు మీదే ఎగురుతున్నాయి.

పెనో అక్కడ ఆగలేదు. 1876లో మనుషులు ఎక్కే విమానానికి పేటెంటు తీసుకున్నాడు. నేల మీదా నీటి మీదా దిగగలదు, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, పైలట్ చేతిలో ఒకే కర్రతో అన్నీ నడుస్తాయి. రైట్ సోదరులు ఎగరడానికి 27 ఏళ్ల ముందు గీసిన బొమ్మ అది. డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. ఎగతాళి చేసినవాళ్లు దొరికారు. 1880లో పెనో తన డ్రాయింగులన్నీ శవపేటిక ఆకారంలో ఉన్న ఒక చిన్న పెట్టెలో సర్ది, సాయం చేస్తాడనుకున్న ఇంజనీర్ హెన్రీ జిఫార్ ఇంటికి పంపాడని చెబుతారు. ఆ వెంటనే ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి వయసు 30.

ఆ ప్లాన్లను ఎవరూ కట్టలేదు. కానీ పెనో రబ్బరు బొమ్మ మాత్రం అప్పటికే సముద్రం దాటింది. 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే మతబోధకుడు తన కొడుకులకు పెనో పద్ధతిలో రబ్బరుతో ఎగిరే హెలికాప్టర్ బొమ్మ తెచ్చిచ్చాడు. వెదురు, బెరడు, కాగితంతో చేసిన బొమ్మ. అది విరిగిపోయేదాకా ఆడుకుని, ఆ తర్వాత సొంతంగా అలాంటివే చేసుకున్న ఆ పిల్లలు విల్బర్, ఆర్విల్. విమానం మీద తమ ఆసక్తికి ఆ బొమ్మే మొదలని వాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

అసలు సైజు ప్లాన్లు వెల్లువెత్తింది 1930లలో. ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికా కుర్రాళ్లకు జేబులో ఉండేది పది సెంట్ల నాణెం. ఆ ధరకే కామెట్ లాంటి కంపెనీలు కిట్లు అమ్మాయి. ఒక ప్లాన్, నాలుగు పుల్లలు, చిన్న కాగితం. అది కూడా కొనలేని వాళ్లకు 'మోడల్ ఎయిర్‌ప్లేన్ న్యూస్', 'ఫ్లయింగ్ ఏసెస్' లాంటి పత్రికలు ప్లాన్‌ను నాలుగైదు పేజీల్లో ముక్కలుగా అచ్చేసేవి. పేజీలు చింపి అంటించుకుంటే విమానం. ఎర్ల్ స్టాల్ అనే డిజైనర్ పేరు చెబితే నేటికీ ఆ ప్రపంచంలో తలలూపుతారు. 1935లో మొదలైన 'ఏరోమోడలర్' బ్రిటన్‌లో అదే పని చేసింది. పత్రికలో చిన్న బొమ్మ వేసి, అసలు సైజుది కావాలంటే పోస్టులో తెప్పించుకోమనేది. ఆ కంపెనీల్లో చాలా వాటి అడ్రసు ఇప్పుడు లేదు. పుల్లలు పుచ్చిపోయాయి, రబ్బరు మెత్తబడి జిగురైంది. మిగిలింది కాగితమే. 1960లలో అమెరికాలో 'సొసైటీ ఆఫ్ యాంటిక్ మోడలర్స్' పేరుతో పాతవాళ్లు కూడినప్పుడు వాళ్లు మొదట వెతుక్కున్నది ప్లాన్లనే. జాన్ పాండ్ అనే ఔత్సాహికుడు వాటిని పోగేసి నకళ్లు అమ్మడమే వ్యాపకంగా పెట్టుకున్నాడు. ఇప్పుడు వేలాది ప్లాన్లు స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉన్నాయి. అన్నీ ఉచితం అనుకుంటే మాత్రం పొరపాటు. హక్కులు ఇంకా ఎవరో ఒకరి చేతిలో ఉన్నవీ వాటిలో ఉన్నాయి.

ఫ్రెంచి గాలి సోకినందుకు మన దేశంలో విమానాల పిచ్చి పట్టిన వాళ్లూ ఉన్నారు. బ్లేరియో 1909 జులైలో ఇంగ్లిష్ చానల్ దాటాడని విని మద్రాసులో హోటల్ నడిపే కోర్సికా మనిషి జాకొమో దాంజెలిస్ సొంతంగా ఒక విమానం గీసుకున్నాడు. గుర్రపు బళ్లు తయారుచేసే సింప్సన్ కంపెనీ దాన్ని కట్టింది. 1910 మార్చిలో మద్రాసు జనం టికెట్లు కొనుక్కుని మరీ చూశారు. ఆ బ్లేరియోకే ఫ్రాన్స్‌లోని హార్డెలో సముద్ర తీరాన ఇల్లుండేది. పక్కనే వేసవికి వచ్చే కుటుంబంలో ఒక పిల్లవాడు, ఇసుక మీద దిగే విమానాలను చూస్తూ పెరిగి, 15వ ఏట అక్కడే మొదటిసారి విమానమెక్కాడు. తల్లి ఫ్రెంచి మహిళ. పిల్లవాడి పేరు జె.ఆర్.డి. టాటా. 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి బొంబాయికి ఆయన టపా మోసుకొచ్చిన పుస్ మాత్ విమానం పాత మోడళ్లు కట్టేవాళ్లకు ప్రీతిపాత్రమైన వాటిలో ఒకటి.

అయితే ప్లాన్ దొరికినంత తేలిగ్గా కర్ర దొరకదు. అన్నిటికీ బాల్సాయే కావాలంటాయి పాత ప్లాన్లు. ఘనపు మీటరు టేకు 650 కిలోల దాకా తూగితే బాల్సా 100 నుంచి 200 కిలోల మధ్య ఉంటుంది. విమానాలు కట్టేవాళ్లు అందులోనూ తేలికైన దాని కోసం దుకాణంలో షీట్లన్నీ చేత్తో తూచి చూస్తారు. అది ఎక్కువగా వచ్చేది ఈక్వెడార్ నుంచి. 2020 ప్రాంతంలో గాలిమరల రెక్కల తయారీకి చైనా కంపెనీలు బాల్సాను ఎగబడి కొనడంతో ప్రపంచమంతటా కొరత వచ్చి ధర మండింది. అంటే బొమ్మ రెక్కలకు అసలు రెక్కలతోనే పోటీ.

బాల్సా అంటే స్పానిష్‌లో తెప్ప. దక్షిణ అమెరికా తీరంలో ఆ దుంగలను కట్టి సముద్రంలోకి వెళ్లేవారు. పుదుచ్చేరి ఒడ్డున జాలర్లు కట్టిన కట్టుమరం కథా అదే. తేలికైన దుంగలు, తాడు. నీటి మీద తేలే కర్రే గాలిలోనూ పనికొస్తుందన్న ఇంగితం రెండు సముద్రాల దగ్గరా ఉంది. తెలుగువాళ్లకైతే ఇంకో కర్ర గుర్తుకు రావాలి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి. మెత్తన, తేలిక, బ్లేడుకు లొంగుతుంది. బాల్సాతో సరితూగదు గానీ, బరువు మోయగల చోట్ల వాడి చూడొచ్చు. అసలు చిన్న రబ్బరు విమానాలకు మన పతంగుల వాళ్ల దగ్గరున్న వస్తువులే చాలావరకు చాలు. చీల్చిన వెదురు దీపం సెగకు వంచితే రెక్కల కొసలు, చక్రాల కాళ్లు తయారవుతాయి. పెనో కాలం నుంచీ వెదురు ఆ పని చేస్తూనే ఉంది.

కాగితం దగ్గర మాత్రం పుదుచ్చేరి పేరు చూసి మోసపోకూడదు. ఈ ఊరు కాగితానికి ప్రసిద్ధి. అరవింద ఆశ్రమం వారి చేతి కాగితం 1959 నుంచి తయారవుతోంది. దగ్గర్లోని తిరుక్కనూరు కాగితపు బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. రెండూ అందమైనవే, రెండూ ఇందుకు పనికిరావు. రెక్క మీద కప్పే టిష్యూ చదరపు మీటరుకు 12 గ్రాములు తూగితేనే ఎక్కువ. దినపత్రిక కాగితం దానికి మూడు నాలుగింతలు బరువు. ఆశ్రమం కాగితం మీద ఉత్తరం రాసుకోవచ్చు, విమానానికి కప్పితే అది బల్ల మీదే ఉంటుంది.

తర్వాతి శత్రువు తేమ. సముద్రపు గాలిలో పొద్దుట బిగువుగా ఉన్న రెక్క సాయంత్రానికి మెత్తబడుతుంది. మర్నాడు ఎండకు బిగిసి మెలితిరుగుతుంది. మెలి తిరిగిన రెక్క విమానాన్ని గింగిరాలు కొట్టించి నేలకేసి కొడుతుంది. కాగితం బిగియడానికి పూసే డోపు అనే వార్నిష్ తేమ గాలిలో ఆరితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. చలిదేశాల్లో రాసిన పుస్తకాలు ఈ బాధను ఒక వాక్యంలో దాటేస్తాయి. ఇక్కడది నవంబర్ నెలంతా ఉంటుంది. ఇదేమీ బొమ్మలకు మాత్రమే వచ్చే జబ్బు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాల్సా పొర పెట్టి చెక్కతో కట్టిన బ్రిటిష్ మోస్కిటో విమానాలు 1944లో ఇక్కడి వేడికి, తేమకు గాలిలోనే విరిగిపోతే, భారత్‌లో ఉన్న వాటినన్నింటినీ నేల మీద నిలిపేసి పరీక్షించారు. తేమతోపాటు ఫ్యాక్టరీలో సరిగా అతకని కీళ్లూ కారణమని తేలింది. కీళ్లు సరిగా అతకాలన్నది పదేళ్ల పిల్లవాడికీ చెప్పే మాటే. వాడు గుండుసూది ముందే తీసేస్తాడు. యుద్ధపు హడావుడిలో ఫ్యాక్టరీ వాళ్లు చేసిందీ అలాంటిదే.

ఇంజన్ కథ క్లుప్తం. టాంబాయ్‌ను గీసింది మిల్స్ అనే 0.75 సీసీ బుల్లి డీజిల్ ఇంజన్ కోసం. దాని నకళ్లు తర్వాత ఇండియాలోనూ తయారై విదేశాలకు వెళ్లాయి. అది తాగేది ఈథర్, కిరోసిన్, ఆముదం, ఇంచుమించు సమపాళ్లలో. ఆముదం మనదే, మిగతా రెండూ సంపాదించడం ఈ రోజుల్లో తలనొప్పి. అందుకని చాలామంది ముక్కులో కరెంటు మోటారు, ఒంట్లో రేడియో పెట్టి ఊరుకుంటున్నారు. ముసలివాళ్లు ఆ కాలిన ఆముదం వాసన లేనిదే విమానమెలా అవుతుందని గొణుగుతారు. వాళ్ల బాధను మరీ కొట్టిపారేయలేం, చిన్నప్పటి వాసన మరి.

ఇన్నీ కూడి విమానం తయారయ్యాక, ఎక్కడ ఎగరేయాలి? పుదుచ్చేరిలో అసలు సమస్య ఇదే. దీనికి ఏ ప్లాన్ లోనూ జవాబు లేదు.

సముద్రం ఒడ్డు ఉందిగా అనిపిస్తుంది. జె.ఆర్.డి. చూసిన హార్డెలో లాంటి ఇసుక మైదానం ఈ ఊరికీ ఒకప్పుడుండేది. 1980ల చివర్లో హార్బరు గోడలు కట్టాక తీరం వెంట ఇసుక కదలిక ఆగి, ఊరి ముందున్న బీచి కొట్టుకుపోయింది. దాని స్థానంలో బండరాళ్ల గట్టు మిగిలింది. సముద్రంలో ఉక్కు దిబ్బ దించాక సచివాలయం దగ్గర కొంత ఇసుక తిరిగొచ్చింది గానీ, ఆ జాగాలో సాయంత్రం మనుషులకే చోటు చాలదు. ఇసుక మీద పడిన బాల్సా రెక్కకు జిగురు పెట్టుకోవచ్చు. బండల మీద పడినదాన్ని ఏరుకోవాలి.

పైగా గాలి. మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి వీస్తుంది, 16 గ్రాముల వస్తువును అది లెక్కచేయదు. ప్రశాంతంగా ఉండేది తెల్లవారుజామే. కానీ ఆ వేళ గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంటుంది. మోడల్ విమానం బాగా ఎగిరిందంటే దానర్థం తూర్పుగా వెళ్లిందని. అటు దిగడానికి నేల లేదు.

ఊరి వెనకవైపు వెళితే లాస్‌పేట, విమానాశ్రయం. ఏళ్ల తరబడి సర్వీసులు వస్తూ పోతూ ఉన్న ఆ రన్‌వే మీద 2024 డిసెంబర్‌లో హైదరాబాద్, బెంగళూరు విమానాలు మళ్లీ మొదలయ్యాయి. ఊరికది సంతోషమే. 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న యానాం నుంచి రాజధానికి పనుల మీద వచ్చే తెలుగువాళ్లకు కూడా. కానీ 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్లు దాటాకే అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ జోన్ మొదలవుతుంది. 12 కిలోమీటర్ల దాకా 200 అడుగుల ఎత్తే పరిమితి. విమానాశ్రయం నుంచి సముద్రం ఒడ్డుకు అయిదు కిలోమీటర్లు. రేడియోతో నడిపే మోడల్‌కు పాత పట్టణమంతా ఆ గీతకు లోపలే. మనుషులున్న విమానాల దారిలోకి బొమ్మలు రాకూడదన్న నిబంధనను తప్పుపట్టేవాళ్లెవరూ ఉండరు. బాధల్లా ఒకటే. గీత గీసినవాళ్లు అవతల ఒక మైదానం చూపించలేదు. ఊరు దాటి వెళితే వరి మళ్లు, కాకుంటే ప్లాట్లుగా కొలిచి రాళ్లు పాతిన భూములు. ఆ రాళ్ల మధ్య ఇళ్లు లేచేదాకా ఎగరేసుకోవచ్చు, యజమాని చూడనంతవరకు.

ఈ లోగా పిల్లల చేతికి డ్రోన్లు వచ్చాయి. పెట్టె విప్పితే ఎగురుతుంది, వదిలేస్తే గాలిలో నిలబడుతుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో మోడళ్లు కట్టే శిక్షణ నేటికీ ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులు పోటీలకు సొంత విమానాలు కడుతున్నారు. కానీ స్కూల్లో 'ఏరోమోడలింగ్' అని బోర్డు పెట్టిన చోట్ల జరిగేది తరచుగా లేజర్‌తో కోసిపెట్టిన ముక్కలను అతికించడం. అందులో తప్పు పోవడానికి వీల్లేదు. తప్పు పోకపోతే, రెక్క ఎందుకు మెలితిరిగిందన్న ప్రశ్న కూడా పుట్టదు. నలభై సెకన్లు ఎగిరే వస్తువు మీద నలభై రోజులు కూచోవడమేమిటని తండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ తండ్రులే పిల్లవాణ్ని ఏరోనాటిక్స్‌లో చేర్చడానికి లక్షలు కట్టడానికి సిద్ధపడతారు. బరువు ఎటుంటే ముక్కు ఎటు వంగుతుందో, తోకను మిల్లీమీటరు పైకెత్తితే ఏమవుతుందో ఆ నలభై రోజుల్లో వేళ్లకు తెలిసిపోతుందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

పట్టుబట్టి కట్టేవాళ్లకు ఆఖరి జాగ్రత్త ఒకటి. ఎండెక్కాక నేల నుంచి లేచే వేడిగాలిలో చిక్కితే తేలికైన విమానం దిగడం మానేసి గద్దలతో పాటు తిరుగుతూ పైకి పోతుంది. దీనికి పాతకాలం వాళ్లు కనిపెట్టిన విరుగుడు ఊదొత్తికి చుట్టం. సూరేకారం నీళ్లలో నానబెట్టి ఆరేసిన నూలు వత్తి. ఎగరేసే ముందు అంటిస్తే మంట లేకుండా మెల్లగా రాజుకుంటూ వెళ్లి, తోకను పట్టి ఉంచిన రబ్బరు బ్యాండును కొన్ని నిమిషాల తర్వాత కాల్చేస్తుంది. తోక ఠక్కున పైకి లేస్తుంది. విమానం ఎగరడం మరిచిపోయి ఆకులాగా నిలువునా దిగుతుంది. వత్తి ఎంత పొడవుండాలో లెక్క వేసుకోవలసింది మనిషే. ఎండు గడ్డి మీద దిగే చోట ఈ పద్ధతి వద్దనే అంటారు, ఇప్పుడు చిన్న టైమర్లు వచ్చాయి.

అయినా పోయేవి పోతాయి. అందుకే రెక్క కింద పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ అంటించడం ఎనభై ఏళ్లుగా ఆచారం. పుదుచ్చేరిలో అంటించేవాళ్లు దాన్ని తమిళంలో రాయడం మంచిది. తెల్లవారుజామున తూర్పుగా వెళ్లిన విమానం దొరికితే గిదొరికేది వల లాగేవాళ్లకే.